సబ్బుపెట్టెతో క్యాడ్ తొలిపాఠం

వస్తువు ఆకారాన్ని కచ్చితమైన కొలతలతో కంప్యూటర్ మీద రూపొందించే పద్ధతి క్యాడ్. ఒకప్పుడు ఇది ఇంజనీర్లకే పరిమితం. ఇప్పుడు బ్రౌజర్‌లో తెరుచుకునే ఉచిత సాఫ్ట్‌వేర్లు వచ్చాక, ఇంట్లోకి కావలసిన చిన్న వస్తువును ఎవరైనా గీసి, త్రీడీ ప్రింటర్ మీద తీయించుకోవచ్చు. మదీనాగూడలోని ఒక మామూలు అద్దె ఫ్లాటుకు సబ్బుపెట్టె తయారుచేయాలనుకుంటే ఆ పని ఎలా సాగుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

మదీనాగూడ రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలో, అందరూ ముంబై హైవే అని పిలిచే 65వ నంబరు జాతీయ రహదారి మీద, మియాపూర్‌కూ చందానగర్‌కూ మధ్య ఉంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఇక్కడి అపార్ట్‌మెంట్లలో చాలామంది ఉంటారు. అద్దె ఇంటి టైల్స్‌కు కన్నం పెడితే ఓనరు ఊరుకోడు కాబట్టి, గోడకు బిగించే పెట్టె కుదరదు. గట్టు మీద నిలబడేది కావాలి. ఇక బోరునీళ్లు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. నీళ్లు కారడానికి పెట్టే సందులు సన్నగా ఉంటే కొన్నాళ్లకే పూడుకుపోతాయి. సాఫ్ట్‌వేర్ తెరవకముందే డిజైన్‌లో సగం ఇలా తేలిపోతుంది.

తెర మీద గీయడం 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవన్ సదర్లాండ్ తయారుచేసిన స్కెచ్‌ప్యాడ్‌తో ఒక రూపానికి వచ్చింది. 1982లో వచ్చిన ఆటోక్యాడ్ దాన్ని పర్సనల్ కంప్యూటర్లలోకి తెచ్చింది. కొత్తవాళ్లకు నిజంగా తలుపు తెరిచింది మాత్రం టింకర్‌క్యాడ్. కై బ్యాక్‌మన్, మికో మొనోనెన్ 2011లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ను 2013లో ఆటోడెస్క్ కొనుక్కుంది. దీనికి డబ్బు కట్టక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

హైదరాబాద్‌కు క్యాడ్ కొత్త కాదు. బి.వి.ఆర్. మోహన్ రెడ్డి 1991లో ఇక్కడ స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, 2014 నుంచి సైయెంట్ అన్న పేరుతో, ప్రాట్ అండ్ విట్నీ వంటి విమాన ఇంజన్ల సంస్థలకు డిజైన్ పని చేస్తోంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఆటోక్యాడ్, కాటియా నేర్చుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లకు లెక్కలేదు. అయినా ఆ నైపుణ్యం ఆఫీసు దాటి ఇంట్లోకి అడుగుపెట్టింది తక్కువే.

పనికి మొదటి సాధనం కొలత. సబ్బును స్కేలుతో కాక వర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. పొడవు 80 మిల్లీమీటర్లు, వెడల్పు 55 వచ్చాయనుకుందాం. వేళ్లు పట్టి సబ్బు తీసుకోవడానికి నాలుగు పక్కలా 5 మిల్లీమీటర్ల చొప్పున వదిలితే లోపలి కొలత 90, 65 అవుతుంది. గోడ మందం 2.4 మిల్లీమీటర్లు. ఈ అంకె ఊరికే పెట్టింది కాదు: మామూలు ప్రింటర్ ముక్కు రంధ్రం 0.4 మిల్లీమీటర్లు, దాని గీతలు ఆరు పక్కపక్కన సరిగ్గా పడితే 2.4. అలా బయటి కొలత 94.8, 69.8 అవుతుంది.

టింకర్‌క్యాడ్‌లో గీయడమంటే ఘనరూపాలను కలపడం, తీసేయడం. బయటి కొలతతో ఒక దిమ్మె పెట్టి, ఎత్తు 20 ఇవ్వాలి. లోపలి కొలతతో ఇంకో దిమ్మె తీసుకుని దాన్ని 'హోల్'గా మార్చి, అడుగున 3 మిల్లీమీటర్లు మిగిలేలా పైకి జరపాలి. రెండింటినీ మధ్యకు సరిచేసి గ్రూప్ చేస్తే తొట్టి వస్తుంది. నీళ్లు కారడానికి 4 మిల్లీమీటర్ల వెడల్పు, 50 పొడవున్న సందొకటి చేసి, కంట్రోల్ డీ నొక్కి 15 మిల్లీమీటర్లు జరపాలి. ఆపైన కంట్రోల్ డీ నొక్కినప్పుడల్లా అదే దూరంలో ఇంకో సందు పడుతుంది. ఐదు చాలు. వీటన్నిటినీ తొట్టితో కలిపి మళ్లీ గ్రూప్ చేస్తే అడుగు చిల్లులు పడుతుంది.

కారిన నీరు ఎక్కడికి పోతుంది? ఇక్కడ చాలామంది తొట్టి కింద నాలుగు కాళ్లు తగిలిస్తారు. తెర మీద అందంగానే ఉంటుంది, ప్రింటర్ మీద పని చెడుతుంది. ఇంట్లో వాడే ప్రింటర్ జంతికల గొట్టంలా కరిగిన ప్లాస్టిక్‌ను వత్తుతూ కింది పొర మీద పై పొర పేరుస్తుంది. కాళ్ల మధ్య గాలిలో అడుగుభాగం పరవడానికి ఆధారం ఉండదు. తాత్కాలిక ఆసరా పెట్టి తీయవచ్చుగానీ, దాన్ని విరిచేశాక కింది ముఖం గరుకుగా మిగులుతుంది. సుమారు 45 డిగ్రీలకు మించి బయటికి వంగే భాగాలన్నిటికీ ఇదే ఇబ్బంది.

ఇంతకన్నా మేలైన దారి రెండు ముక్కలుగా చేయడం: పైన చిల్లుల తొట్టి, కింద నీళ్లు పట్టే పళ్లెం. పళ్లెం నాలుగు మూలల్లో 8 మిల్లీమీటర్ల ఎత్తు దిమ్మెలు నిలబెడితే తొట్టి వాటి మీద కూర్చుంటుంది. అప్పుడు ఏ భాగమూ గాలిలో వేలాడదు. తెట్టు కట్టినప్పుడు రెండూ విడదీసి తోముకోవచ్చు. అయితే పళ్లెం లోపలి కొలత కూడా 94.8 ఇస్తే తొట్టి అందులో దిగదు. వత్తిన ప్లాస్టిక్ అంచుల్లో కొంచెం ఉబ్బుతుంది. పక్కకు 0.3 మిల్లీమీటర్ల ఎడం వదిలి 95.4, 70.4 చేయాలి. ఇది ప్రింటర్‌ను బట్టి మారుతుంది కాబట్టి ముందు మూల ముక్క ఒకటే తీసి చూసుకోవడం తెలివైన పని.

సబ్బు బ్రాండు మారిస్తే? టింకర్‌క్యాడ్‌లో గ్రూపులు విప్పి ప్రతి దిమ్మెనూ మళ్లీ సరిచేయాలి. ఓపెన్‌ఎస్‌క్యాడ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఆకారాన్ని మౌస్‌తో కాక కోడుతో రాస్తారు. పొడవు, వెడల్పు, ఎడం అనే మూడు చరరాశులను కోడు మొదట్లో పెట్టుకుంటే, వాటిని మారిస్తే చాలు, మిగతా అంతా సర్దుకుంటుంది. సైబరాబాద్ ప్రోగ్రామర్లకు ఇదే ఎక్కువ సుఖమని నా అభిప్రాయం. 2024 నవంబరులో 1.0 వెర్షన్‌కు చేరిన ఫ్రీక్యాడ్ కూడా ఉచితమే, కానీ దాని మెనూలు కొత్తవాళ్లను కొంత బెదరగొడతాయి.

పూర్తయిన నమూనాను సాధారణంగా ఎస్‌టీఎల్ ఫైలుగా దించుకుంటారు. 1987 నాటి ఈ పద్ధతిలో అంకెలే ఉంటాయి, ప్రమాణం ఉండదు. మిల్లీమీటర్లలో గీసినదాన్ని అంగుళాలుగా చదివితే పెట్టె 25.4 రెట్లు పెరుగుతుంది.

ప్లాస్టిక్ ఎంపికలో తొందరపడకూడదు. చవకైన పీఎల్ఏ దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద మే నెలలో పెడితే వంకరపోతుంది. గీజరు నీళ్లు పడే చోటికి 80 డిగ్రీల దాకా తట్టుకునే పీఈటీజీ మేలు. పై తొట్టి నిండు ప్లాస్టిక్‌తో తీసినా 38 గ్రాములే. ఇదే పద్ధతిలో ఆవకాయ జాడీకి మూత చేయాలని మాత్రం అనుకోవద్దు. పొరల మధ్య సందుల్లో నూనె, తేమ నిలుస్తాయి, ఎంత కడిగినా పూర్తిగా పోవు.

సొంత ప్రింటర్ లేనివాళ్ల కోసం నగరంలో ప్రింటింగ్ దుకాణాలున్నాయి. రాయదుర్గంలో 2023 మార్చి 2న ప్రారంభమైన టీ-వర్క్స్ సుమారు 78 వేల చదరపు అడుగుల నమూనా తయారీ కేంద్రం; అక్కడ ప్రింటర్లే కాక లోహపు, చెక్క పనుల యంత్రాలూ ఉన్నాయి. అదే పెట్టె వేలల్లో కావాలంటే ప్రింటింగ్ గిట్టదు, ఉక్కు అచ్చు చేయించాలి. ఆ విద్యకు బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది.

అమ్మకానికి దిగేవాళ్లు ఒక సంగతి గమనించాలి. డిజైన్ల చట్టం, 2000 ప్రకారం నమోదైన రూపానికి 10 ఏళ్లు, పొడిగించుకుంటే మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. బజారులోని పెట్టెను అచ్చంగా గీసి అమ్మే ముందు అది నమోదైందో లేదో చూసుకోండి. కొలతలు, ఆలోచన మీవే అయితే మీ రూపాన్నీ అదే చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు, కానీ దాన్ని లోకానికి చూపించకముందే దరఖాస్తు పెట్టాలి.