స్థానిక సంస్థల స్వీయ సమీక్ష: గోదావరి డెల్టాలో దాని చరిత్ర

గ్రామ పంచాయతీలు, పరిషత్తులు, పురపాలక సంఘాలు తాము చేసిన తీర్మానాలనూ పెట్టిన ఖర్చునూ తామే తిరిగి పరిశీలించుకోవడం స్వీయ సమీక్ష. ఆడిట్ ఇందులో ఒక భాగం మాత్రమే. ఖర్చుకు బిల్లు ఉందా, నిబంధన పాటించారా అని ఆడిట్ చూస్తుంది. రోడ్డు ఈ వీధికే ముందు ఎందుకు పడింది, మురుగు డ్రెయిను పూడిక ఈ ఏడు ఎందుకు తీయలేదు అని సమీక్ష అడగాలి. గోదావరి డెల్టాలో పైనుంచి తనిఖీ చేసే ఏర్పాట్లు ఎప్పుడూ ఉన్నాయి, లోపలి నుంచి ప్రశ్నించే ఏర్పాటే బలహీనంగా మిగిలింది. ఈ అనుభవం రెండు సంగతులు చెబుతోంది. నిర్ణయించినవారే పరిశీలకులైతే సమీక్ష కాగితం దాటదు. పరిశీలకులు వేరైనా, జవాబుకు గడువు లేకపోతే తప్పు బయటపడుతుందే కాని సరికాదు.

పురపాలక సంఘాలు, పత్రికలు

1865 నాటి మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం తరవాత రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరుల్లో పురపాలక సంఘాలు ఏర్పడ్డాయి. మొదట్లో వాటిలో అధికారులదే పైచేయి. 1882లో రిప్పన్ ప్రభువు తీర్మానం, 1884లో వచ్చిన మద్రాసు జిల్లా పురపాలక సంఘాల చట్టం, స్థానిక బోర్డుల చట్టం ఎన్నికైన సభ్యులకు చోటు పెంచాయి. అయినా లెక్కలు చూసేది ప్రభుత్వ ఆడిటర్లే, తప్పు దిద్దేది కలెక్టరే. సభ లోపల లేని ప్రశ్న బయట అప్పటికే పుట్టింది. 1874లో కందుకూరి వీరేశలింగం ప్రారంభించిన ‘వివేకవర్ధని’ అధికారుల లంచగొండితనాన్ని పేరుపెట్టి ఎండగట్టింది. స్థానిక పాలనకు బయటి కన్ను ఎంత అవసరమో అది చూపింది. కాని పత్రిక సంపాదకుడి ధైర్యం మీద నడుస్తుంది. సంస్థ తనను తాను ప్రశ్నించుకోవాలంటే ఆ ధైర్యం ఒక నియమంగా మారాలి.

పరిషత్తులు, స్థాయీ సంఘాలు

బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో చేసిన సిఫార్సులను అనుసరించి ఆంధ్రప్రదేశ్ 1959లో ఒక చట్టం ద్వారా పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు నెలకొల్పింది. ఆ చట్టం కింద జిల్లా పరిషత్తు స్థాయీ సంఘాలకు కలెక్టరే అధ్యక్షుడు. పని జరిపించే యంత్రాంగానికి అధిపతే పని తీరు చూసే సంఘాన్నీ నడిపేవాడన్నమాట. 1986 చట్టంతో మండల పరిషత్తుల వ్యవస్థ వచ్చి పాలనను ఊళ్లకు దగ్గర చేసింది. 73వ రాజ్యాంగ సవరణ తరవాత వచ్చిన 1994 పంచాయతీరాజ్ చట్టం జిల్లా పరిషత్తుకు ఏడు స్థాయీ సంఘాలు ఇచ్చింది. ప్రణాళిక–ఆర్థికం నుంచి పనుల దాకా అవి అన్ని రంగాలనూ పంచుకున్నాయి. అయితే అవి శాఖలవారీగా పని నడిపించే సంఘాలు. చేసిన నిర్ణయాన్ని వెనక్కి తిరిగి పరీక్షించే బాధ్యతను ప్రత్యేకంగా మోసే సంఘం వాటిలో లేదు.

వేరేచోట్ల అలాంటి సంఘాలున్నాయి. పార్లమెంటు ప్రజాపద్దుల సంఘానికి 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుణ్ణి అధ్యక్షుడిగా నియమించడం ఆనవాయితీ. ఇంగ్లండులో 2000 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం నిర్ణయాలు చేసే బృందంలో లేని కౌన్సిలర్లతో పరిశీలన సంఘాలు పెట్టించింది. అమలుకు ముందే ఒక నిర్ణయాన్ని పునఃపరిశీలనకు పిలిచే అధికారం వాటికి ఉంది. రెంటిలోనూ సూత్రం ఒకటే: అడిగేవాడు, చేసినవాడు వేరు కావాలి.

గ్రామసభ, నీటి సంఘాలు, సామాజిక తనిఖీ

ఈ సూత్రానికి మన చట్టంలో దగ్గరగా వచ్చేది గ్రామసభ. ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలనీ, జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, రాబోయే పనులు, కొత్త పన్నుల ప్రతిపాదనలు దాని ముందు పెట్టాలనీ 1994 చట్టం చెప్పింది. కాలువల మీద బతికే డెల్టాకు 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం మరో అవకాశం ఇచ్చింది. నీటి బడ్జెట్టుతో పాటు సామాజిక తనిఖీని కూడా అది నీటి సంఘాల విధుల్లో చేర్చింది. పంటకాలువ మరమ్మతు సరిగ్గా జరిగిందో లేదో చివరి ఆయకట్టు రైతుకు తెలిసినంతగా ఏ ఆడిటరుకూ తెలియదు. ఈ నియమం విలువంతా అక్కడే ఉంది.

ఉపాధి హామీ పథకం తూర్పు గోదావరికి 2007లో, పశ్చిమ గోదావరికి 2008లో విస్తరించింది. దానితోపాటే సామాజిక తనిఖీ కూడా వచ్చింది. శిక్షణ పొందిన గ్రామ యువకులు మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కూలీలను అడగడం, చివరికి మండల ప్రజావేదికలో అందరి ముందూ చదవడం దాని పద్ధతి. పరిశోధకులు ఫర్జానా అఫ్రీది, వేగార్డ్ ఐవర్సన్ ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలను విశ్లేషించి, అక్రమాలు తగ్గడం కన్నా పట్టుకోవడం కష్టమైన సామగ్రి ఖర్చుల వైపు మళ్లాయనీ, వసూలైన సొమ్ము స్వల్పమనీ చూపారు. తనిఖీ వ్యర్థమని దీని అర్థం కాదు. కూలీల మస్టరు మోసం కష్టమయ్యాకే అది వేరే దారి వెతుక్కుంది. లోపం ప్రజావేదిక తరవాతి మెట్టులో, అంటే బయటపడిన తప్పుపై చర్య తీసుకోవడంలో ఉంది.

పట్టణాల్లో లోటు ఇంకా స్పష్టం. 3 లక్షలు, ఆపై జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణ చెబుతోంది. 2011 లెక్కల ప్రకారం రాజమహేంద్రవరం జనాభా 3.41 లక్షలు. కాని అక్కడ 2014లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2019లో తీరింది. 2021 మార్చిలో 12 నగరపాలక సంస్థలకు ఎన్నికలు జరిగినప్పుడు ఈ నగరం వాటిలో లేదు. పాలకవర్గం లేనప్పుడు వచ్చే ప్రత్యేకాధికారి పాలనలో తీర్మానించేదీ, అమలు చేసేదీ, ఆమోదించేదీ ఒకే చేయి. అక్కడ స్వీయ సమీక్ష అన్న మాటకే అర్థం ఉండదు.

అభ్యంతరాలు, సంస్కరణ మార్గం

సమీక్ష పనులను ఆలస్యం చేస్తుందన్నది మొదటి అభ్యంతరం. వరద గండి పూడ్చడం వంటి అత్యవసర పనుల విషయంలో ఇది నిజమే. అలాంటి వాటిని ముందు చేసి తరవాత సమీక్షించవచ్చు. ఏటా వచ్చే పూడికతీత అంచనాలకు మాత్రం ఆ సాకు చెల్లదు. సమీక్ష ముఠాల చేతిలో ఆయుధమవుతుందన్నది రెండో అభ్యంతరం. ఊరి రాజకీయం తెలిసినవారెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోలేరు. కాని తలుపులు మూస్తే ముఠా పోదు, పుకారుగా మారుతుంది. ప్రశ్నను రాతపూర్వకంగా, తీర్మానం సంఖ్యతో, కొలతల పుస్తకం ముందు పెట్టుకుని అడగాలన్న నియమం ఉంటే వ్యక్తి మీద కోపానికి చోటు తగ్గుతుంది. ఆడిట్ ఉండగా ఇంకోటి ఎందుకన్నది మూడోది. ఆడిటరు అక్రమ చెల్లింపును సర్‌ఛార్జి వేసి రాబట్టగలడు. సక్రమంగా చేసిన అనవసరపు ఖర్చును ప్రశ్నించగలిగేది ప్రతినిధులూ గ్రామసభా మాత్రమే.

2019 అక్టోబరు 2న అప్పటి తూర్పు గోదావరి జిల్లా కరపలో ప్రారంభమైన గ్రామ సచివాలయ వ్యవస్థ ఊరికి సిబ్బందినీ, కంప్యూటర్లనీ తెచ్చింది. రికార్డు దొరకలేదన్న జవాబుకు ఇప్పుడు బలం తక్కువ. ఇక మిగిలిన మార్పులు చిన్నవి, చేయదగినవి: నిర్ణయంలో పాలుపంచుకోని సభ్యుల చేతికి సమీక్ష సంఘం ఇవ్వడం, ప్రతి అభ్యంతరానికీ గడువులోగా రాతపూర్వక జవాబు తప్పనిసరి చేయడం, ఆ జవాబును తరవాతి గ్రామసభలో మొదటి అంశంగా చదవడం, గడువు తీరకముందే ఎన్నికలు జరపడం. అడిగే గొంతుకు డెల్టాలో ఎప్పుడూ కొరత లేదు. అడిగినదానికి బదులు చెప్పక తప్పని నియమమే ఇంకా రావాలి.