అంకెల ఆధారసూచన: చరిత్ర, తెలుగు పరిశోధనలో దాని ఉపయుక్తత

ఉపోద్ఘాతం

మూలం లేనిదేదీ రాయనని కొలాచలం మల్లినాథసూరి తన వ్యాఖ్యానారంభంలో ప్రతిజ్ఞ చేశాడు. ఆయన ఆధారం చూపిన తీరు సరళమైనది: ఉదాహరించిన వెంటనే ‘ఇత్యమరః’ అని ఆకరం పేరు చెప్పడం. నేటి పరిశోధన వ్యాసాల్లో చాలాచోట్ల ఆ పేరు స్థానాన్ని చదరపు కుండలీకరణంలోని అంకె ఆక్రమించింది. ఈ పద్ధతి ఎలా స్థిరపడింది, తెలుగు సాహిత్య పరిశోధనకు ఎంతవరకు తగినది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించే అంశాలు.

రెండు పద్ధతులు

రచయిత పేరును, ప్రచురణ సంవత్సరాన్ని వాక్యంలోనే చూపే పద్ధతికి హార్వర్డ్ జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881లో ప్రచురించిన వ్యాసాన్ని తొలి ఉదాహరణగా పేర్కొనడం పరిపాటి. అప్పటికే వాడుకలో ఉన్న అంకెల పద్ధతికి వైద్యపత్రికలు ఏకరూపత కల్పించాయి. 1978లో కెనడాలోని వాంకూవర్‌లో కొందరు వైద్యపత్రికా సంపాదకులు సమావేశమై రూపొందించిన నియమాలు 1979లో వెలువడ్డాయి. వీటి ప్రకారం ఆకరాలకు ప్రస్తావన క్రమంలో అంకెలు పడతాయి. అదే ఆకరం మళ్లీ వస్తే పాత అంకే వస్తుంది. పాదసూచికలో ప్రతి ప్రస్తావనకూ కొత్త అంకె ఉంటుంది. ఈ భేదాన్ని గుర్తించకపోవడం వల్ల రెండు పద్ధతులూ ఒకే వ్యాసంలో కలిసిపోతుంటాయి.

అక్షరకూర్పులో వచ్చిన మార్పు

టైపు ప్రతిలో నడుమ ఒక ఆకరం చేరిస్తే తర్వాతి అంకెలన్నీ మార్చాలి. ఒక్కటి తప్పినా ఒక విమర్శకుని అభిప్రాయం మరొకరి ఖాతాలో చేరుతుంది. డోనాల్డ్ నూత్ రూపొందించిన టెక్, దానిపై లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లేటెక్, 1985లో ఒరెన్ పటాష్నిక్ తయారుచేసిన బిబ్‌టెక్ ఈ భారాన్ని తగ్గించాయి. రచయిత అంకె రాయడు, ఆకరానికి పెట్టుకున్న సంకేతనామం రాస్తాడు. అంకెను యంత్రమే లెక్కిస్తుంది. ‘ప్లెయిన్’ శైలి ఆకరాలను రచయితల అకారాదిక్రమంలో పేర్చి అంకెలు వేస్తుంది. ‘అన్‌సార్ట్’ ప్రస్తావన క్రమాన్ని పాటిస్తుంది. సంకేతనామానికి ఆకరం దొరకకపోతే అంకెకు బదులు ప్రశ్నార్థకం పడుతుంది. తప్పు అంకె పాఠకుణ్ణి మోసగిస్తుంది. ప్రశ్నార్థకం రచయితను హెచ్చరిస్తుంది.

తెలుగు సందర్భం

తెలుగు పేర్లను అకారాదిగా పేర్చడంలో చిక్కులున్నాయి. ఆరుద్రను ‘ఆ’ కింద చూపాలా, భాగవతుల సదాశివశంకరశాస్త్రిగా ‘భ’ కింద చూపాలా? ఇంటిపేరు ముందా, వ్యక్తిపేరు ముందా? ప్రస్తావన క్రమాన్ని అనుసరించే అంకెల పద్ధతిలో ఈ ప్రశ్నలు క్రమాన్ని చెదరగొట్టవు.

అయితే అంకె కాలాన్ని దాచేస్తుంది. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. 1909 నాటి కూర్పు దానికి పునారచన. పాత్రచిత్రణ గురించి చేసిన నిర్ధారణ పక్కన [7] అని మాత్రమే ఉంటే అది ఏ కూర్పుకు వర్తిస్తుందో పాఠకునికి తెలియదు. సంవత్సరం చూపినా సమస్య పూర్తిగా తీరదు. ‘మహాప్రస్థానం’ 1950లో గ్రంథరూపం పొందింది, కాని అందులోని కవితలు ప్రధానంగా 1930లలో రాసినవి.

ముగింపు

కాబట్టి సాహిత్య పరిశోధనలో అంకెల పద్ధతిని మూడు నియమాలతో స్వీకరించవచ్చు. భిన్నమైన కూర్పులకు వేర్వేరు అంకెలు ఇవ్వాలి. అంకెతోపాటు పుటసంఖ్య చూపాలి. వాదం రచనాకాలంపై ఆధారపడినప్పుడు గ్రంథనామాన్ని, కాలాన్ని వాక్యంలోనే చెప్పాలి. అంకెలను లెక్కించే పని యంత్రానికి అప్పగించవచ్చు. ఏ పాఠాన్ని చదివి ఆ మాట అన్నామో చెప్పే బాధ్యత మాత్రం పరిశోధకునిదే.