టేపు డబ్బా నుంచి సెషన్ ఫోల్డరు దాకా

1970ల్లో పెద్ద స్టూడియోల్లో పాటను రెండంగుళాల వెడల్పు టేపు మీద ఎక్కించేవారు. దాని మీద పక్కపక్కనే 24 ట్రాకులు. సెకనుకు 30 అంగుళాల వేగంతో తిప్పితే ఒక రీలు పదహారు నిమిషాలకు అటూఇటూగా అయిపోయేది. డబ్బాలో రీలుతో పాటు ట్రాక్ షీటు పెట్టేవారు. ఏ ట్రాకులో డ్రమ్స్, ఏ ట్రాకులో గొంతు అన్నది ఆ గళ్ల కాగితం మీద పెన్సిలుతో రాసి ఉండేది. మళ్లీ పాడిస్తే చెరిపి మార్చుకోవచ్చు. గొంతూ వాద్యాలూ ఒకే రీలు మీద ఉండేవి కాబట్టి ఏదీ విడిగా తప్పిపోయే ప్రసక్తి లేదు.

ఈ ఉమ్మడి కాపురాన్ని విడదీసింది కంప్యూటరే. అమెరికా సంస్థ డిజిడిజైన్ 1989లో సౌండ్ టూల్స్ అనే కంప్యూటర్ రికార్డింగ్ వ్యవస్థనీ, 1991లో నాలుగు ట్రాకుల ప్రో టూల్స్‌నీ తెచ్చింది. ప్రో టూల్స్‌లో ప్రతి రికార్డింగూ హార్డ్ డిస్కులో విడి ఫైలే. సెషన్ ఫైలులో శబ్దం ఉండదు. ఏ ఫైలు, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా, ఎప్పుడు మోగాలన్న చిట్టా మాత్రమే ఉంటుంది. ఎన్నిసార్లు కత్తిరించినా అసలు ఫైలు చెక్కుచెదరదు. కానీ ఆ ఫైలును ఇంకో చోటికి జరిపితే చిట్టాకు ఆచూకీ దొరకదు. తెర మీద ఆ శబ్దపు ముక్క (క్లిప్పు) కనిపిస్తుంది, కానీ మోగదు.

అందుకే ప్రో టూల్స్ కొత్త సెషన్ మొదలుపెట్టగానే ఒక ఫోల్డరు తయారుచేసి, ఆడియో ఫైళ్లకూ బ్యాకప్‌లకూ అందులో వేర్వేరు చోట్లు చూపిస్తుంది. 2011లో పదో వెర్షన్ వచ్చేదాకా ఒక్కో ఫేడు (శబ్దం మెల్లగా పెరగడం లేదా తగ్గడం) కూడా చిన్న ఫైలై 'ఫేడ్ ఫైల్స్' ఫోల్డరులో చేరేది. ఆ తర్వాత ఫేడ్లను అప్పటికప్పుడే లెక్కగట్టడంతో ఆ ఫోల్డరు అవసరం తీరిపోయింది. అంతకు ముందే 1997లో యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 'బ్రాడ్‌కాస్ట్ వేవ్' అనే ఆడియో ఫైలు పద్ధతి తెచ్చింది. అందులో రికార్డయిన సమయం ఫైలు లోపలే నమోదవుతుంది కనుక, పేరు మారినా దాన్ని మళ్లీ దాని స్థానంలో కూర్చోబెట్టవచ్చు.

పాత ట్రాక్ షీటు పని ఇప్పుడు ఫైలు పేరు చేస్తోంది. ట్రాకుకు పేరు పెట్టకుండా రికార్డు నొక్కితే ఫైలు 'ఆడియో 1_01' అవుతుంది. ముందే 'వయొలిన్' అని పెడితే 'వయొలిన్_01' అవుతుంది. వంద ఫైళ్లు పోగయ్యాక ఈ తేడా విలువ తెలుస్తుంది.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాకు నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు తింటుంది. బరువంతా ఆడియోదే, కాబట్టి చిన్న సెషన్ ఫైలు ఒక్కటే పంపితే అవతలివారికి మౌనమే దక్కుతుంది. ప్రో టూల్స్‌లో 'సేవ్ కాపీ ఇన్', అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ ఏబుల్టన్ లైవ్‌లో 'కలెక్ట్ ఆల్ అండ్ సేవ్' అనే ఆదేశాలు ఉన్నవి ఇందుకే. వాటితో అన్నీ ఒకచోట చేర్చి, ఆ కాపీని మరో కంప్యూటర్లో తెరిచి, ప్రతి ట్రాకూ మోగిందని విన్నాకే పంపండి.