ముద్రిత ఫలితంలో మాట, అంకె: ప్రోగ్రామింగ్ భాషలు – తెలుగు సంఖ్యావాచకాలు

ఉపోద్ఘాతం

కంప్యూటర్ ఇచ్చే ఫలితంలో అంకె ఒక్కటే ఉంటే అది దేని లెక్కో చదువరికి తెలియదు. దానికి మాట తోడు కావాలి. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కూర్చడానికి ప్రోగ్రామింగ్ భాషలు అనుసరించిన పద్ధతులను, అవి తెలుగు వాక్యానికి ఒదిగే తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఫోర్ట్రాన్ నుండి పైథాన్ వరకు

1957లో ఐ.బి.ఎం. 704 యంత్రం కోసం జాన్ బేకస్ బృందం ఫోర్ట్రాన్ భాషను రూపొందించింది. అందులో మాటను అచ్చువేయాలంటే దాని అక్షరాలను ఖాళీలతో సహా లెక్కపెట్టి, ఆ సంఖ్య పక్కన 'హెచ్' చేర్చి, ఆపై మాట రాయాలి. 1890 నాటి అమెరికా జనగణనలో చిల్లుల కార్డులతో లెక్కలు కట్టే యంత్రాలను అందించిన హెర్మన్ హోలరిత్ పేరులోని తొలి అక్షరమే ఈ హెచ్. లెక్క ఒకటి తప్పినా వాక్యం చెడేది. 1964లో డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ రూపొందించిన బేసిక్, కొటేషన్ గుర్తులతో ఈ లెక్కింపు శ్రమను తప్పించింది. 1970లలో డెనిస్ రిచీ సి భాష వచ్చాక, దాని 'ప్రింట్ఎఫ్' వాక్యాన్ని పూర్తిగా రాసి, అంకె రావలసిన చోట ఒక గుర్తును మాత్రమే ఉంచే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. 2016లో పైథాన్ 3.6 ఆ చోట చలరాశి పేరునే రాసే వీలు కల్పించింది.

తెలుగు వాక్యం ముందు

సి పద్ధతిలో గుర్తుల వరుసే విలువల వరుస. ఆంగ్లంలో మూడు ముందు, పది తరువాత వచ్చే సందేశం తెలుగులో '10 ఫైళ్ళలో 3' అని తిరగబడుతుంది. విలువలకు వరుస సంఖ్యలిచ్చే పోసిక్స్ పద్ధతి ఈ చిక్కును తీర్చింది.

అసలు చిక్కు సంఖ్యావాచకంలో ఉంది. మూడు ఫైళ్ళు అంటాం గాని మూడు సభ్యులు అనం. ముగ్గురు సభ్యులు అంటాం. యూనికోడ్ సంస్థ సి.ఎల్.డి.ఆర్. నియమాలు తెలుగుకు ఏకవచనం, ఇతరం అనే రెండు రూపాలనే గుర్తిస్తాయి. ఆ చట్రంలో అనువాదకుడు '2 సభ్యులు' అని తప్పు రాయాలి, లేదా 'సభ్యుల సంఖ్య: 2' అని వాక్యాన్నే వదులుకోవాలి. రెండో మార్గం తప్పు కాదు. కాని అది వాక్యం కాదు, పట్టికలోని గడి.

ముగింపు

ఐ.సి.యు. సందేశ పద్ధతిలో ఒక్కొక్క నిర్దిష్ట సంఖ్యకు వేరే వాక్యం రాయవచ్చు. ఒకరు మొదలు ఏడుగురు వరకు ఏడు వాక్యాలు, ఆపైన 'మంది'తో ఒకటి రాస్తే చాలు. సాధనం ఉంది. దానిని వినియోగించే అనువాదకునికి వ్యాకరణం తెలిసినవారు తోడు నిలవాలి.