తాళం వేసినవాడు తిరిగి రాకపోతే?

2009 వేసవి సెలవులలో మేము నలుగురు ఉపాధ్యాయులము ఒక గ్రంథాలయపు గదిలో కూర్చుని పాత ప్రబంధమొకదానికి పదసూచి తయారుచేస్తుండేవాళ్ళము. ఫైళ్ళన్నీ మూలనున్న సర్వరులో ఉండేవి. ఒకనాడు కరెంటు పోయి వచ్చాక చకారపు ఫైలు తెరుచుకోలేదు. "ఎవరో తాళం వేసి పోయారు మాస్టారూ" అన్నాడు యంత్రాలు చూసే కుర్రవాడు. తాళం వేసిన కంప్యూటరేమో కరెంటు దెబ్బకు కాలిపోయింది. అతడు తాళాల సేవనే పక్కనపెట్టేలా ఏదో మార్చాడు. సాయంత్రం మరొక మాస్టారూ నేనూ అదే ఫైలును భద్రపరచగా, చివర భద్రపరచినవారిదే నిలిచింది. ఆ పూట నేను చేర్చిన రెండు వందల పైచిలుకు పదాలు గంగలో కలిశాయి.

మిత్రులారా, మీలో సాంకేతిక వృత్తిలో ఉన్నవారికి ఇది తెలిసిన కథే కావచ్చును. వ్యాకరణం చెప్పుకొనే నాకు మాత్రం దీని పూర్వకథ తెలుసుకొనే వరకు నిద్ర పట్టలేదు.

మా గదిలోని ఏర్పాటుకు మూలపురుషుడు నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. సన్ మైక్రోసిస్టమ్స్ వారు 1984లో రూపొందించారు. రస్సెల్ శాండ్‌బర్గ్ ప్రభృతులు 1985లో దానిని వివరిస్తూ పత్రం ప్రకటించారు. అందులోని సొగసంతా మరపులోనే ఉన్నది. ఎవరు ఏ ఫైలు తెరిచారో సర్వరు గుర్తుంచుకోదు. ప్రతి అభ్యర్థనా తనకు కావలసిన వివరమంతా తానే మోసుకొని వస్తుంది. కాబట్టి సర్వరు కూలి మళ్ళీ లేచినా నష్టం లేదు. అడిగేవాడు అడిగినదే మళ్ళీ అడిగితే చాలును.

అయితే తాళమంటే జ్ఞాపకం. ఎవరు వేశారో గుర్తులేని తాళం తాళమే కాదు. మరపే వ్రతముగా గల సర్వరు చేత ఈ పని చేయించలేక, పక్కన వేరుగా ఇద్దరు సేవకులను నిలిపారు. తాళాలిచ్చేవాడు లాక్‌డీ. ఎవరెవరు తాళాలు పుచ్చుకున్నారో డిస్కుపై పేర్లు వ్రాసుకొనేవాడు స్టాట్‌డీ. సర్వరు కూలి లేవగానే స్టాట్‌డీ ఆ పేర్ల వారందరికీ కబురు పంపుతాడు. అప్పుడు కొద్దికాలం పాటు కొత్త తాళాలు ఇవ్వరు. పాతవారు వచ్చి తమ తాళాలను తిరిగి పొందడానికే ఆ గడువు. ముచ్చటైన ఏర్పాటు!

లోపం మరొక దిక్కున ఉన్నది. తాళం పుచ్చుకున్న యంత్రమే చచ్చి మరి లేవకపోతే? సర్వరు దాని కబురు కోసం కాచుకొనే ఉంటుంది. మా చకారానికి పట్టిన గతి ఇదే. సర్వరునొకసారి ఆపి లేపి ఉంటే చచ్చినది తన తాళం అడగడానికి రాదు గనుక చిక్కు విడిపోయేది. కుర్రవాడికి ఆ సంగతి తోచలేదు, నాకు అసలే తెలియదు.

విరుగుడును 1989లోనే స్టాన్‌ఫర్డ్‌లో కేరీ గ్రే, డేవిడ్ చెరిటన్ గార్లు చెప్పి ఉన్నారు. ఇంగ్లీషులో వారు పెట్టిన పేరు లీజు. మన పల్లెల్లో కౌలు. భూమి కౌలుకు తీసుకున్నవాడు గడువులోగా కౌలు పొడిగించుకోకపోతే భూమి మరొకరికి పోతుంది. అతడు బ్రతికి ఉన్నాడా లేడా అని విచారించే పని లేదు. ఎన్.ఎఫ్.ఎస్. నాలుగవ కూర్పు 2000 డిసెంబరులో ప్రమాణపత్రముగా వెలువడి, 2003లో సవరణ పొందినది. అందులో తాళాలు పక్క సేవకుల చేతి నుండి తీసి ప్రధాన వ్యవహారంలోనే కలిపి, కౌలు పద్ధతిన ఇచ్చారు. లినక్సు సర్వరులో మామూలు గడువు 90 సెకండ్లు. మరపే వరమని మొదలైన వ్యవస్థ పదిహేనేండ్లకు జ్ఞాపకాన్ని నెత్తికెత్తుకొన్నదన్నమాట.

దీనికీ ఒక పేచీ లేకపోలేదు. యంత్రం బ్రతికే ఉండి తీగ మాత్రం తెగితే, తాళం తన చేతనే ఉన్నదనుకొంటూ ఉండగానే కౌలు చెల్లిపోవచ్చును.

మా గదిలో నడిచినది మూడవ కూర్పు. పోయిన పదాలను మరునాటి ఆదివారం కాగితం చీటీలు ముందేసుకొని మళ్ళీ ఎక్కించాను. ఆ మాస్టారు పక్కన కూర్చుని చదివి వినిపించారు.