కోడి ‘క’, గుడ్డు ‘ఖ’

పలకల ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్ళు పనిచేసిన మా మామ రాయిని చూసి కొనడు, విని కొంటాడు. వేలి కణుపుతో కొడితే ఖంగుమనాలి. బొదబొదమంటే లోపల చీలిక ఉన్నట్టు. ఖంగుమన్న బండని నిలువుగా నిలబెట్టి, అంచున ఉలి ఆనించి, సుత్తితో చిన్న దెబ్బ వేస్తాడు. తడిసి అంటుకుపోయిన పుస్తకంలోంచి పేజీ ఊడొచ్చినట్టు పొర లేస్తుంది. అట్లా లేచిన పొరల మీదే తెలుగునాట ఎన్నో తరాలు అఆలు దిద్దాయి. మా మార్కాపురం ఏ దిక్కున ఉందో తెలియని పిల్లల చేతుల్లో కూడా మార్కాపురం రాయి ఉండేది.

భూగర్భ శాస్త్రంవాళ్ళు ఈ రాతి వరసకి మా పక్క ఊరి పేరే పెట్టారు: కంభం ఫార్మేషన్. దాని వయసు వంద కోట్ల ఏళ్ళ పైమాటే. అప్పుడిక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న మెత్తటి బురద, మీది బరువుకీ వేడికీ బిగుసుకుని పలకరాయి అయింది. ఎండాకాలం బిందెలు వరసలో పెట్టి ట్యాంకర్ కోసం కాచుక్కూర్చునే ఊళ్ళలో ఒకప్పుడు సముద్రం ఉండేదంటే ఎవరు నమ్ముతారు?

భాషా పండిత శిక్షణలో నాకు సీటొచ్చింది. తరగతులు మొదలవడానికి ఆరు వారాలు ఉంది. చేతిలో కాస్త డబ్బుంది. థాయిలాండ్ మనవాళ్ళకి 2023 నవంబర్‌లో వీసా ఎత్తేసింది. వీపున సంచి తగిలించుకుని వెళ్ళొస్తానన్నాను. పెళ్ళికాని కుర్రాడు థాయిలాండ్ పోతున్నాడనగానే అరుగుల మీద ముసిముసి నవ్వులు మొదలయ్యాయి. మా మామ మాత్రం నవ్వలేదు. చెక్క చట్రం బిగించిన చిన్న పలకొకటి, బలపాల పొట్లం ఒకటి తెచ్చి సంచిలో దూర్చాడు.

“పంతులు పనికి పోయేవాడివి, పలక లేకుండా ఏంద్రా?”

బ్యాంకాక్‌లో సంచిగాళ్ళంతా దిగేది ఖావోసాన్ రోడ్డులో. ఖావోసాన్ అంటే దంపిన బియ్యం. ఒకప్పుడది బియ్యం బజారు, ఇప్పుడు రాత్రంతా పాటలూ సీసాలూ. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు. నన్ను పట్టుకున్నవి బోర్డులు. బస్సు మీద, కొట్టు మీద, గోడ మీద అంతా రాతే, ఒక్క ముక్క చదవలేను. గుండ్రటి తలలతో, మెలికలు తిరిగి, మన లిపికి దూరపు చుట్టంలా కనిపిస్తూనే పలకరిస్తే పలకదు. పాతికేళ్ళ వయసులో, డిగ్రీ చేతిలో ఉండగా, నేను మళ్ళీ నిరక్షరాస్యుణ్ణి. మా అమ్మమ్మ బస్టాండులో పక్కవాళ్ళని “నాయనా, ఈ బండి గిద్దలూరు పోద్దా?” అని ఎందుకు పదిసార్లు అడిగేదో అక్కడ తెలిసింది. ఒక్కసారి అడిగితే నమ్మకం కుదరదు మరి.

తోన్‌బురి స్టేషన్‌లో నకోన్ పథోమ్ పోయే రైలెక్కాను. మూడో తరగతి, చెక్క బల్లలు, తెరిచిన కిటికీలు. పట్టాల మధ్య వెడల్పు చూడగానే మా నాన్న ఉంటే బాగుండుననిపించింది. మీటర్‌గేజీ! గుంటూరు-గుంతకల్లు లైను 1990ల్లో బ్రాడ్‌గేజీ అయిందాకా గిద్దలూరు మీదుగా ఊగుతూ పోయిన బండ్లది ఇదే కొలత. ఆ ఊపు గురించి మా ఇంట్లో కథలుగా చెబుతారు. థాయిలాండ్‌లో అది ఇంకా ఊగుతోంది.

ఎదుటి బల్ల మీద ఆరేళ్ళ పిల్ల, ఒళ్ళో బొమ్మల పుస్తకం. మొదటి అక్షరం పక్కన కోడి బొమ్మ. “కో కై” అంది, నాకు వినిపించేలా. కై అంటే కోడి. రెండో దాని పక్కన గుడ్డు, “ఖో ఖై”. క తర్వాత ఖ! పేజీ తిప్పమన్నాను. మన ‘గ’ ఉండాల్సిన చోట గేదె. ‘ఘ’ చోట గంట. మన వాచకంలోనూ ‘ఘ’ అంటే ఘంటే కదా! ఆ తర్వాత ‘ఙ’. మన పిల్లలు ఈ అక్షరం దగ్గరికొచ్చేసరికి బిక్కమొహం వేస్తారు. దానితో మొదలయ్యే తెలుగు మాట లేదు, బొమ్మా లేదు, ‘వాఙ్మయం’ అని ఓ మాట చూపించి దాటేస్తాం. థాయి పుస్తకంలో అక్కడ చక్కగా చుట్ట చుట్టుకున్న పాము. పామును వాళ్ళు ‘ఙూ’ అంటారు. మన బళ్ళో కొరగాని అక్షరానికి అక్కడ పడగ ఉంది.

చ చోట పళ్ళెం, ఛ చోట తాళాలు, జ చోట ఏనుగు. వరస తప్పలేదు. నేను సంచిలోంచి పలక తీసి ‘క’ రాశాను. ఆ పిల్ల బలపం లాక్కుని పక్కనే తన ‘క’ రాసింది. గట్టిగా అదమడంతో బలపం ఫట్టున విరిగింది. వాళ్ళమ్మ పలకని చేతిలోకి తీసుకుని, బరువు చూసి, “క్రదాన్ ఛనువన్” అంది. రాతిపలకకి వాళ్ళ మాట. తన చిన్నప్పుడు అవ్వ ఇంట్లో ఉండేదట. అర్థమైనవి మూడే మాటలు, మిగతాదంతా చేతులతో చెప్పింది.

థాయి వర్ణమాలలో 44 హల్లులు. పటంలో అన్నీ అచ్చవుతాయి, రాతలో రెండు లేవు. ఒకటి సీసా బొమ్మది, రెండోది మనిషి బొమ్మది. 1890ల మొదట్లో ఎడ్విన్ మెక్‌ఫార్లాండ్ అనే అమెరికన్ తొలి థాయి టైపురైటర్ చేయించినప్పుడు మీటలు చాలక ఆ రెంటినీ వదిలేశాడు. యంత్రంలో లేని అక్షరం మెల్లగా చేతిరాతలోంచీ జారిపోయింది. మన ‘ఱ’ ఎట్లా పోయిందో గుర్తు చేసుకుంటే ఇది పరాయి కథ అనిపించదు.

ఈ వరస అక్కడికి ఎట్లా చేరింది? సుఖోథాయ్ రాజు రామ్‌ఖామ్‌హేంగ్ పేరిట ఉన్న శిలాశాసనం, థాయి అక్షరాలు శకం 1205లో ఏర్పాటయ్యాయని చెబుతుంది. మన పంచాంగంలో ఉండే శాలివాహన శకమే అది. క్రీస్తుశకంలో 1283. సరిగ్గా అప్పుడు మనకు ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుబడి. ఆ రాయిని 1833లో వెలికి తీసింది అప్పటికి బౌద్ధ భిక్షువుగా ఉన్న రాకుమారుడు మోంగ్‌కుట్. తర్వాత రాజయ్యాడు. రాయి అసలుదా, ఆయనే చెక్కించాడా అని 1980ల్లో పండితులు గట్టిగానే పోట్లాడుకున్నారు. అసలుదేనన్నవాళ్ళ పక్షమే ఎక్కువ.

అక్షరాల పుట్టుక గొడవలో లేని సంగతి ఒకటుంది. థాయి లిపి ఖ్మేర్ లిపిలోంచి వచ్చింది. ఖ్మేర్, మోన్ లిపులు దక్షిణ భారతపు తూర్పు తీరంలో పెరిగిన బ్రాహ్మీలోంచి వచ్చాయి. దాన్నే పుస్తకాల్లో పల్లవ లిపి అంటున్నారు. పల్లవులనగానే మనకు కంచి గుర్తొస్తుంది గానీ, వాళ్ళ తొలి రాగిరేకులు దొరికిన చోట్లు చూడండి. మైదవోలు గుంటూరు సీమలో ఉంది. ఓంగోడు శాసనాలు పేరులోనే ఒంగోలును మోస్తున్నాయి. ఒక రేకు దర్శిలో దొరికింది. మా పక్క బస్సెక్కితే దర్శి ఎంత దూరం? తెలుగు లిపికీ ఆ తీరపు బ్రాహ్మీయే తల్లి. రైల్లో ఆ పిల్ల రాసిన ‘క’, నేను రాసిన ‘క’ ఒకే పలక మీదికి రావడానికి ఓ పదిహేను వందల ఏళ్ళు పట్టిందన్నమాట.

నకోన్ పథోమ్ అంటే ‘నగర ప్రథమ’. అక్కడి మహాస్తూపం ‘ప్రా పథోమ్ చేది’, అంటే ప్రథమ చైత్యం, 120 మీటర్ల ఎత్తున బంగారు రంగు పింగాణీ పెంకులతో మెరుస్తుంది. ఇప్పుడున్నది 19వ శతాబ్దపు కట్టడం, మోంగ్‌కుటే మొదలుపెట్టించాడు. పక్కనున్న మ్యూజియంలో పాత ద్వారవతి రాజ్యపు రాతి ధర్మచక్రాలున్నాయి. ఈ ఊళ్ళో దొరికిన వెండి నాణేల మీద ద్వారవతీశ్వరుడి పుణ్యం అని సంస్కృతంలో ఉంది. ఆ నాణేలు దొరక్కముందు ఆ రాజ్యం ఉందని చైనా యాత్రికుల రాతలు తప్ప వేరే సాక్ష్యం పెద్దగా లేదు.

ఆ చక్రాల ముందు నిలబడితే మా చందవరం గుర్తొచ్చింది. దొనకొండకు దగ్గర్లో, గుండ్లకమ్మ ఒడ్డున, సింగరకొండ మీద శాతవాహనుల నాటి స్తూపం. 1964లో వి.వి. కృష్ణశాస్త్రి గుర్తించారు, 1970ల్లో తవ్వారు. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, చందవరం పక్కగా సాగి సముద్రంలో కలుస్తుంది. భుజాన జోలె, చేతిలో కర్ర పట్టుకుని భిక్షువులు ఈ ఒడ్డు వెంట నడిచినవాళ్ళే. ఎక్కడికి పోయినా ముందు అక్కడి మాట నేర్చుకోవాలి, ఆ తర్వాతే ధర్మం చెప్పాలి. చందవరం శిల్పాల్లో ఒకటి దొంగల చేతుల్లో పడి సముద్రాలు దాటింది. 2016లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని మనదేశానికి తిరిగి ఇచ్చింది. మా ప్రాంతం నుంచి ఇంత దూరం పోయొచ్చినవాళ్ళు మనుషుల్లోనూ తక్కువే.

దక్షిణాన క్రాబీ దగ్గర ఖ్లోంగ్ థోమ్‌లో ఇంకో రాయి ఉంది. నల్లటి చిన్న రాయి, కంసాలి గీటురాయి. ‘పెరుంపతన్ రాయి’ అని తమిళ బ్రాహ్మీలో చెక్కి ఉంది. మూడు, నాలుగు శతాబ్దాల నాటిది. పనిముట్టు సంచిలో వేసుకుని సముద్రం దాటిన కంసాలి, దాని మీద పేరు రాసుకున్నాడు. పక్కవాడు ఎత్తుకుపోతాడని భయం కాబోలు! బళ్ళో మేమూ పలక చట్రం మీద మేకుతో పేరు గీకేవాళ్ళం.

భాష మాటకొస్తే, థాయి బడిలో గురువు ‘ఖ్రూ’, కాలేజీలో ఆచార్యుడు ‘ఆజాన్’, భాష ‘ఫాసా’, అక్షరం ‘అక్సోన్’, విద్యాలయం ‘వితయాలయ్’, రైలు స్టేషన్ ‘సథానీ’. టీవీని వాళ్ళు ‘థోరథత్’ అంటారు. విప్పి చూస్తే దూర, దర్శ. అచ్చంగా మన దూరదర్శనే! ఆదివారం ‘వన్ ఆథిత్’, అంటే ఆదిత్యుడి వారం. ‘సవత్‌దీ’ అని చేతులు జోడిస్తారు చూడండి, అది స్వస్తిలోంచి ఒక భాషా పండితుడు, ఫ్రయా ఉపకిత్ సిల్పసాన్, తయారుచేసిన మాట. 1943లో ప్రభుత్వం దాన్ని అధికారికం చేసింది. దేశం మొత్తానికి పలకరింపు నేర్పిన పంతులు!

చిక్కల్లా రాతలో ఉంది. సోమవారాన్ని వాళ్ళు ‘చన్’ అంటారు, రాయడం మాత్రం ‘చంద్ర’ అని రాస్తారు. పలకని అక్షరం నెత్తిన చిన్న గుర్తు పెట్టి నోరు మూయిస్తారు, తీసెయ్యరు. గిడుగు రామమూర్తి గారు బ్యాంకాక్‌లో పుట్టి ఉంటే ఏం చేసేవారో!

ఆ దేశంలో భాష చెప్పడానికి వెళ్ళినవాళ్ళలో జగమెరిగిన పేరు అన్నా లియోనోవెన్స్‌ది. ఆ మోంగ్‌కుట్ రాజే 1862లో తన పిల్లలకూ రాణులకూ ఇంగ్లీషు చెప్పించడానికి పిలిపించుకున్నాడు. తాను వేల్స్‌లో పుట్టానని ఆవిడ చెప్పుకుంది, ఆవిడ కథను సినిమాగా తీసిన హాలీవుడ్డూ అదే నమ్మింది. ఆవిడ పుట్టింది మన అహ్మద్‌నగర్‌లోనని చాలా ఏళ్ళ తర్వాత పరిశోధకులు తేల్చారు. పెనాంగ్‌లో భర్త పోయాక సింగపూర్‌లో బడి పెట్టి, ఇద్దరు పిల్లలతో తంటాలు పడి, అక్కణ్ణుంచి బ్యాంకాక్ చేరింది. పుట్టిన చోటు దాచుకుంటే తప్ప తెల్లవాళ్ళ లోకంలో పంతులమ్మ ఉద్యోగం దొరకని రోజులవి. ఆవిడ రాసినవాటిలో అతిశయోక్తులున్నాయని థాయివాళ్ళకు ఇప్పటికీ కోపమే, సినిమాను నిషేధించారు కూడా. నాకైతే ఆవిడ మీద కోపం రాలేదు.

అదే రైలు నకోన్ పథోమ్ దాటి కాంచనబురికి పోతుంది. ఆ ఊరి మీదుగా బర్మా దాకా 415 కిలోమీటర్ల లైనును జపాన్ సైన్యం 1942-43లో యుద్ధ ఖైదీల చేత, కూలీల చేత వేయించింది. అక్కడి ఖైదీల శ్మశానంలో దాదాపు ఏడు వేల సమాధులు, పచ్చగడ్డి కత్తిరించి, ఒక్కొక్క రాయి మీద పేరు, వయసు. ఖైదీల కంటే ఎక్కువగా చచ్చిపోయింది ఆసియా కూలీలు. మలయా రబ్బరు తోటల నుంచి తోలుకొచ్చిన తమిళులు, తెలుగువాళ్ళు వాళ్ళలో ఉన్నారు. కలరా, మలేరియా, ఆకలి. వాళ్ళ పేర్లు చెక్కిన రాయి కోసం ఆ మధ్యాహ్నమంతా తిరిగాను, నా కంట పడలేదు. ఆ రోజు డైరీలో ఏమీ రాసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో పలక నా సంచిలో లేదు. నకోన్ పథోమ్‌లో దిగేటప్పుడు ఆ పిల్ల దాన్ని వదల్లేదు, నేనూ అడగలేదు.

మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో దిగేసరికి మామ బండి పట్టుకుని ఉన్నాడు. సంచి అందుకుంటూనే అడిగాడు.

“పలకేదిరా?”

“ఇచ్చేశా మామా. అక్కడో చిన్నపిల్లకి.”

“ఏం రాసుకుంటది?”

“కోడి, గుడ్డు.”

కాసేపు మాట్లాడలేదు. బండి స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపాడు.

“బలపాలు కూడా ఇచ్చొచ్చావా, లేదా? ఆ ఊళ్ళో దొరుకుతయ్యో లేదో!”

పొట్లం నా చొక్కా జేబులోనే ఉంది.