పిచ్చుకలు, అణాలు, సమీకరణాలు

రోనాల్డ్ రాస్ అనగానే మనకు సికింద్రాబాదు గుర్తుకొస్తుంది. 1897 ఆగస్టు 20, బేగంపేటలో ఒక చిన్న ఆసుపత్రి, సూక్ష్మదర్శిని కింద దోమ కడుపు. పాఠ్యపుస్తకం అక్కడితో తన పని అయిపోయిందనుకుంటుంది. జనం కోరంటి దవాఖానా అని పిలుచుకునే నల్లకుంట జ్వరాల ఆసుపత్రికి అతని పేరే పెట్టారు. కాని ఆ రోజు రాస్ చూసింది సగం నిజం. మలేరియా పరాన్నజీవి రోగి నెత్తురులోంచి దోమలోకి పోయి అక్కడ పెరుగుతుందని తేలింది. దోమలోంచి మళ్ళీ ఇంకొకరికి ఎలా చేరుతుందో తేలలేదు. ఆ రెండో సగం మరుసటి ఏడు కలకత్తాలో తేలింది. మనుషుల్లో కాదు, పిచ్చుకల్లో. ఆ పిచ్చుకల పంజరాల దగ్గర మొదలైన లెక్కింపే తర్వాత అంటువ్యాధుల గణితంగా ఎదిగింది. ఈ పనినంతా పక్కనబెట్టి ఒక్క రోజును పండగ చేసుకుంటున్నామంటే చరిత్ర పట్ల మన దృష్టి ఎలాంటిదో తెలుస్తూనే ఉంది. వ్యక్తినీ ముహూర్తాన్నీ పూజిస్తాం, పనిని చూడం.

రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టాడు. మీరట్‌లో సిపాయిలు తిరగబడి అప్పటికి మూడు రోజులు. తండ్రి సైన్యాధికారి. కొడుక్కి కవిత్వం మీదా చిత్రలేఖనం మీదా మనసు. తండ్రి పట్టుబట్టి వైద్యం చదివించాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు వైపు వచ్చాక ఉద్యోగం తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో పద్యాలు రాశాడు, నవలలు రాశాడు, ఎవరూ చెప్పకుండానే గణితం నేర్చుకున్నాడు. కవిగా నిలవలేదు. 1883లో బెంగుళూరులో తన బంగళా కిటికీ పక్కనున్న నీళ్ళతొట్టిలో దోమలు పుడుతున్నాయని గమనించి తొట్టి ఒంపించాడు. దోమల బెడద తగ్గింది. మిగతా తొట్లూ ఒంపిద్దామంటే పై అధికారి ఒప్పుకోలేదు. తొట్లు ఒంపడానికి ప్రభుత్వం ఎందుకు ఒప్పుకోదన్న తగాదా ఆ తర్వాత అతని జీవితమంతా నడిచింది.

1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అతనికి దారి చూపించాడు. మలేరియాకు దోమతో సంబంధం ఉందన్నది మాన్సన్ ఊహ. దోమ నీళ్ళలో చస్తుందనీ, ఆ నీళ్ళు తాగినవాడికి జబ్బు వస్తుందనీ అనుకున్నాడు. దాన్ని పరీక్షించడానికి 1895లో సికింద్రాబాదులో లచ్మన్ అనే యువకుడి చేత రాస్ దోమలు చచ్చిన నీళ్ళు తాగించాడు. కొన్నాళ్ళకు జ్వరం వచ్చింది. ఆ ఊహ తప్పని తర్వాత తేలింది. ఊహ లండన్‌ది, తాగిన గొంతు లచ్మన్‌ది. రెండేళ్ళ తర్వాత హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి వచ్చాడు. కుట్టించుకున్న దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పారు. పది దోమలు కుట్టాయి, పది అణాలు. ఆగస్టు 20న కోసి చూసిన దోమ ఆ పదిలోదే.

ఇంత చూసిన మనిషిని నెల తిరక్కుండా మలేరియా పెద్దగా లేని రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. వలస ప్రభుత్వానికి విజ్ఞానం మీద ఉన్న ప్రేమ అంతమాత్రం. మాన్సన్ లండన్‌లో పట్టుబట్టిన మీదట 1898 ఫిబ్రవరిలో కలకత్తాలో పరిశోధనకు ప్రత్యేకంగా నియమించారు. అక్కడ రోగులు దొరకలేదు. అది జ్వరాల కాలం కాదు. పైగా ప్లేగు భయం ఊరంతా ఉంది. తెల్లదొర సూది పట్టుకుని వస్తే టీకా పేరుతో ఏం చేస్తాడోనని జనం వేలు చాపలేదు. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తేలిక. ప్లేగు పేరుతో ఇళ్ళలోకి చొరబడి సామాన్లు తగలబెట్టిన ప్రభుత్వాన్ని నమ్మకపోవడం జనం అనుభవం నేర్పిన జ్ఞానమే. ఆ నిరాకరణే రాస్‌ను పక్షుల వైపు నెట్టింది.

పక్షులకూ మలేరియా ఉంది. కాకులు, పావురాలు, భరతపక్షులు, పిచ్చుకల నెత్తురులో మన మలేరియాకు దగ్గరి చుట్టమైన పరాన్నజీవి కనిపిస్తుంది. పక్షిని పంజరంలో పెట్టవచ్చు, దోమతెర కింద ఉంచవచ్చు, ఎన్ని దోమలు కుట్టాయో లెక్కపెట్టవచ్చు. రాస్ మూడు పిచ్చుకలు తీసుకున్నాడు. ఒకదాని నెత్తురులో పరాన్నజీవులు మెండు, రెండోదానిలో ఒక మాదిరి, మూడోదానిలో లేవు. ఒక్కొక్కదాన్ని కుట్టిన పదేసి దోమల్ని కోసి, కడుపుగోడల మీది కణాలు లెక్కించాడు. మొదటి పదింటిలో 1009. రెండో పదింటిలో 292. మూడో పదింటిలో సున్నా. శాస్త్రచరిత్రలో ఇంత ముచ్చటైన మూడు అంకెలు అరుదు. జూలైలో ఆ పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరడం చూశాడు. చివరికి అలాంటి దోమల చేత ఆరోగ్యంగా ఉన్న 28 పిచ్చుకల్ని కుట్టిస్తే 22 పిచ్చుకలకు జబ్బు సోకింది. వలయం పూర్తయింది. జబ్బు గాలిలో లేదు, నీళ్ళలో లేదు, దోమకాటులో ఉంది.

ఈ దోమల్ని పెంచిందెవరు? పిచ్చుకల్ని పట్టి తెచ్చి, రాత్రిళ్ళు తెరల కింద పంజరాలు సర్ది, దోమల్ని వదిలి, పొద్దున్నే నెత్తురు తాగిన వాటిని ఏరింది ఎవరు? ప్రయోగశాల నౌకరు మహమ్మద్ బక్స్, అతనితోటి పనివాళ్ళు. ఆ కాలంలో తీసిన ఒక ఛాయాచిత్రం ఉంది. ప్రయోగశాల మెట్ల దగ్గర రాస్, అతని భార్య, మహమ్మద్ బక్స్, మరో ఇద్దరు సహాయకులు, పక్కన పక్షుల పంజరాలు. పుస్తకాల్లో ఆ చిత్రం కింద మహమ్మద్ బక్స్ దాకా పేర్లుంటాయి. తక్కిన ఇద్దరూ ఉత్త సహాయకులే. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కు వచ్చింది. మనుషుల మలేరియాలో అనాఫిలిస్ దోమ పాత్రను 1898 చివర్లో నిరూపించిన ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాస్సీతో ఎవరు ముందన్న కలహం రాస్ బతికున్నంత కాలం సాగింది. ఇద్దరు దొరల మధ్య ఆస్తి తగాదా. పంజరాలు మోసినవాళ్ళు అందులో సాక్షులుగా కూడా లేరు.

అమితావ్ ఘోష్ 1995లో ‘ది కలకత్తా క్రోమోజోమ్’ నవలలో ఈ ఖాళీనే పట్టుకున్నాడు. రాస్ సహాయకులే ఏదో రహస్యవిద్యతో అతని చేత పరిశోధన నడిపించారని కల్పించాడు. ఆసక్తికరమైన ఊహే. కాని మరుగునపడిన శ్రమకు న్యాయం చేయబోయి దానికి మంత్రశక్తి అంటగట్టడం నాకు అంతగా రుచించదు. దోమ చావకుండా వారాల తరబడి సీసాలో బతికించడం తెలిసిన చేతికి మంత్రం ఎందుకు? ఆ నేర్పే చాలు.

ఇక గణితం. 1901 నుంచి లాహోరు దగ్గరి మియాన్ మీర్ కంటోన్మెంటులో దోమల్ని తగ్గించే ప్రయోగం జరిగింది. మలేరియా తగ్గలేదు. పద్ధతే పనికిరాదని అధికారులు తేల్చేశారు. చాలీచాలని డబ్బుతో చిన్న స్థలంలో చేశారు, చుట్టుపక్కల నుంచి దోమలు ఎగిరివచ్చాయి అని రాస్ వాదం. వాదాన్ని నిలబెట్టడానికి 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ సభలో ఒక లెక్క వేసి చూపించాడు. దోమ ఏ దిక్కుకైనా ఇష్టమొచ్చినట్టు ఎగురుతుందనుకుంటే పుట్టినచోటు నుంచి ఎంత దూరం పోగలదు? ఎంత మేర శుభ్రం చేస్తే నడిబొడ్డున ఉన్నవాళ్ళు క్షేమంగా ఉంటారు? ఆ ప్రశ్న కార్ల్ పియర్సన్‌కు చేరింది. ఈనాడు భౌతికశాస్త్రం నుంచి షేర్ మార్కెట్టు దాకా వాడే ‘ర్యాండమ్ వాక్’ అనే మాటను 1905లో ఆయనే పుట్టించాడు.

1907 చివర్లో రాస్ మారిషస్ వెళ్ళాడు. అక్కడి చెరకు తోటలకు మన దేశం నుంచి ఒప్పంద కూలీలను ఓడల్లో తరలించారు. వారిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. 1866-68లో మలేరియా ఆ ద్వీపంలో వేలమందిని మింగింది. జబ్బును కూలీలు తెచ్చారన్నారు. తోటల యజమానులు తవ్వించని మురుగుకాలవల సంగతి ఎవరూ అనలేదు. 1908 నివేదికలో రాస్ మొదటిసారి సమీకరణం రాశాడు. మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. తలకు ఎన్ని దోమలున్నాయి? వాటిలో మనిషిని కుట్టేవి ఎన్ని? కుట్టినవాటిలో రోగిని కుట్టినవెన్ని? పరాన్నజీవి ముదిరేదాకా బతికేవెన్ని? బతికి మళ్ళీ కుట్టేవెన్ని? వీటన్నిటినీ హెచ్చవేస్తే కొత్త రోగుల సంఖ్య వస్తుంది. అది కోలుకునేవారి సంఖ్య కన్నా తక్కువైతే, దోమలు ఇంకా మిగిలి ఉన్నా జబ్బు క్రమంగా చస్తుంది. అంటే దోమల్ని ఒక్కటి మిగలకుండా చంపనక్కరలేదు, ఒక హద్దు కిందికి తెస్తే చాలు. అదెలాగూ సాధ్యం కాదని ఖజానా బిగించుకునే ప్రభుత్వానికి ఇది సూటి జవాబు. బెంగుళూరు తొట్టికి పాతికేళ్ళ తర్వాత దొరికిన జవాబు.

వైద్యులకు ఆ సమీకరణాలు అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలని అనుకోనూ లేదు. 1916-17లో హిల్డా హడ్సన్ అనే గణితశాస్త్రజ్ఞురాలితో కలిసి రాస్ వాటిని ఇంకా విస్తరించాడు. కుర్రతనంలో అతని వెంట సియెర్రా లియోన్ వెళ్ళిన మెకెండ్రిక్, కెర్మాక్‌తో కలిసి 1927లో ఆ పనికి మరో రూపమిచ్చాడు. 1932లో రాస్ పోయాడు. 1950లలో జార్జి మెక్‌డొనాల్డ్ ఆ లెక్కలకు దుమ్ము దులిపాడు, డి.డి.టి. యుగానికి అవే ఆధారం. మన దేశంలో 1965 నాటికి ఏడాదికి లక్ష కేసులకు తగ్గిన మలేరియా 1976లో 64 లక్షలకు ఎగబాకింది. తప్పు సమీకరణంలో వెతికేవాళ్ళు ఊళ్ళలో మందు చల్లే పని ఎందుకు సడలిందో కూడా వెతకాలి.

జంతువుల నుంచి మనుషుల దాకా వచ్చిన ఈ గణితం మళ్ళీ జంతువులకే మళ్ళింది. 1979లో ఆండర్సన్, మే ఇద్దరూ అడవి జంతువుల సంఖ్యను వ్యాధులు ఎలా శాసిస్తాయో ఇదే తర్కంతో చూపించారు. 1981లో ఐరోపా నక్కల రేబిస్‌కు దాన్ని వర్తింపజేశారు. అక్కడా హద్దు లెక్కే. చంపినకొద్దీ నక్కలు మళ్ళీ పుట్టుకొస్తుంటే, కోడితలల్లో టీకామందు పెట్టి అడవిలో వేసే పద్ధతిని స్విట్జర్లాండ్ 1978లోనే మొదలుపెట్టింది.

పిచ్చుకల మలేరియా కథ కూడా కలకత్తాలో ముగియలేదు. రాస్ వాడిన బూడిదరంగు క్యూలెక్స్ దోమే 1826లో ఒక ఓడ నీటిపీపాలతో హవాయి దీవుల్లో దిగింది. పక్షుల మలేరియా తర్వాత బయటి పక్షులతో చేరింది. ఆ జబ్బెరుగని అక్కడి అడవిపక్షులు రాలిపోయాయి. 1968లో రిచర్డ్ వార్నర్ కొండమీది పక్షుల్ని కిందికి తెచ్చి, దోమలు దూరగల పంజరాల్లో కొన్నిటినీ దూరలేని పంజరాల్లో కొన్నిటినీ పెట్టి కారణం నిరూపించాడు. మహమ్మద్ బక్స్ చేసిన పనే అది. 2023లో అమెరికా ప్రభుత్వం అంతరించిపోయాయని ప్రకటించిన జాతుల్లో హవాయి పక్షులు ఎనిమిది. చల్లదనం కోసం కొండెక్కి బతికినవాటిని వేడెక్కుతున్న వాతావరణంతో పాటు దోమ వెంబడిస్తోంది. 2023 నవంబరు నుంచి మౌయీ దీవి అడవుల్లో, జతకట్టినా గుడ్లు పొదగని రకం మగదోమల్ని ఆకాశం నుంచి వదులుతున్నారు. ఎన్ని వదిలితే దోమలు హద్దు కిందికి దిగుతాయన్నది అక్కడివాళ్ళు వేసుకుంటున్న లెక్క.